రేఖాపటమున సున్న యెచట?

మన ప్రాంతమున అంకెలకుఁ గొదువ లేదు. గోదావరిఖని గనులనుండి వెలువడు బొగ్గు, జ్యోతినగరమునొద్ద ఎన్.టి.పి.సి. కేంద్రమునఁ బుట్టు విద్యుత్తు, వేసవి యెండ, అన్నియు అంకెలే. వీనిని విద్యార్థులు నేఁడు గ్రాఫు కాగితముపై గీయుట మాని, పైథాన్ భాషకుఁ జేరిన మ్యాట్‌ప్లాట్‌లిబ్ అను ఉపకరణముచే క్షణములో గీయించుచున్నారు. మూర్ఛరోగుల మెదడునందలి విద్యుత్సంకేతములను బరిశీలించుటకై జాన్ హంటర్ అను నాడీశాస్త్రజ్ఞుఁడు దీనిని నిర్మించి, 2003లో వెల లేకయే లోకమున కొసఁగెను. ఆయన 2012లో దివంగతుఁడయ్యెను. ఇట్టి దానిని నేను నిందింపను. అయినను ఒక మాట చెప్పవలసియున్నది.

సింగరేణి సంస్థ 2021-22లో 650.2 లక్షల టన్నులు, 2022-23లో 671.4 లక్షల టన్నులు, 2023-24లో 700.2 లక్షల టన్నుల బొగ్గు త్రవ్వెను. ఈ మూఁడంకెల నిచ్చి గీఁత గీయుమన్నచో, ఆ యుపకరణము, మనము వేఱుగాఁ జెప్పనియెడల, నిలువు అక్షమును సున్ననుండి మొదలిడదు. 650కి కొంచెము దిగువనుండి 700కు కొంచెము ఎగువవఱకే చూపును. గీఁత పటము అడుగునుండి కొనవఱకు ఎగఁబ్రాకును. చూచువాఁడు బొగ్గు ఎన్నో యింతలు పెరిగెనని భ్రమించును. నిజమునకుఁ బెరిగినది నూటికి ఎనిమిది పాళ్లకు లోపు! అవే యంకెలను గీఁతగాఁ గాక నిలువు కడ్డీలుగా గీయుమన్నచో, అదే యుపకరణము సున్ననుండి మొదలిడును. మూఁడు కడ్డీలును ఇంచుమించు సమానముగా నిలుచును. ఆజ్ఞలో నొక్క పదము మాఱినది, అంతే.

ఈ బొగ్గుపై బ్రదుకు కుటుంబములు మనలో ననేకములు. గీఁత కూలినట్లు కానవచ్చినఁ గలుగు కలవరమును, లేచినట్లు కానవచ్చినఁ గలుగు గర్వమును పటము గీచినవాని చేతిలోనున్నవి.

అన్నిటను సున్ననుండియే గీయవలెనను పట్టు నాకు లేదు. జ్వరపీడితుని ఉష్ణము 98 నుండి 103 డిగ్రీలకెక్కినపుడు, సున్ననుండి గీచిన పటము జ్వరమును దాఁచివేయును. అచట ఐదు డిగ్రీలే ప్రాణసంకటము. ఎచట నేది తగునో యంత్ర మెఱుఁగదు.

కావున ఉపాధ్యాయులకు నా విన్నపము. కంప్యూటరు ముందుఁ గూర్చుండఁబెట్టుటకు పూర్వము, ప్రతి విద్యార్థిచేతను ఒక్కసారియైనను గ్రాఫు కాగితముపైఁ దన స్కేలును దానే యెంచుకొనఁజేయుఁడు. పెన్సిలుతో సున్నను గుర్తించినవాఁడు తెరపై నది లేనపుడు కనిపెట్టఁగలఁడు. విజ్ఞాన ప్రదర్శనములందు పటమునకు మార్కులిచ్చుటకు ముందు, "నీ యక్షము ఎచట మొదలైనది? ఏల?" అని యడుగుఁడు. బదులు రానిచో, రంగు లెంత సొంపుగానున్నను మార్కులు తగ్గింపుఁడు.