గ్రూపులోంచి తీసేశారమ్మా!

పోయిన ఆదివారం మా అమ్మాయి ఇడ్లీ ముట్టుకోలేదు. కడుపునొప్పి అంది. వాము నీళ్లిస్తే తాగలేదు. సోమవారం స్కూలుకి వెళ్లనని మొండికేసింది. కింద ఆటో అతను హారన్ మీద హారన్ కొడుతుంటే అప్పుడు బయటపెట్టింది, "నన్ను గ్రూపులోంచి తీసేశారమ్మా" అని.

ఏడో తరగతి ఆడపిల్లల వాట్సాప్ గ్రూపు అది. "ఓస్, గ్రూపే కదా, పోనీలే" అన్నాను. అది నా మొదటి తప్పు. మన చిన్నప్పుడు కటీఫ్ చెప్పుకున్నా సాయంత్రానికి జట్టు కలిసిపోయేవాళ్లం. ఇంటికొస్తే గొడవ బడి గేటు దగ్గరే ఆగిపోయేది. ఇప్పుడు ఆ గొడవ రాత్రి పదింటికి కూడా దిండు కింద మోగుతూనే ఉంటుంది.

రెండో తప్పు, గ్రూపు పెట్టిన పిల్ల వాళ్లమ్మకి ఫోన్ చేసి కడిగేయడం. ఇప్పుడు ఎంవీపీ రైతుబజారులో ఎదురుపడితే ఆవిడ వంకాయల వైపు, నేను బెండకాయల వైపు చూసుకుంటున్నాం. మూడోది, కోపంలో పిల్ల ఫోన్ తీసి బీరువాలో పెట్టి తాళం వేయడం. దాంతో అది నాతో మాట్లాడటమే మానేసింది. అమ్మకి చెబితే ఫోన్ పోతుందన్నమాట! నేను నేర్పిన పాఠం అదే.

మర్నాడు సాయంత్రం చిక్కుడుకాయలు ముందేసుకుని పక్కన కూర్చోమన్నాను. నేనేమీ అడగలేదు. సగం కాయలు అయ్యాక తనే మొదలెట్టింది. ఒక పిల్ల నోటి నిండా అన్నం పెట్టుకుని ఉండగా ఫోటో తీసి, స్టిక్కర్ చేసి గ్రూపులో తిప్పారట. ఆ పిల్ల ఏడ్చిందట. "డిలీట్ చేసెయ్యండే" అన్నందుకు మాదాన్ని తీసేశారట.

నాకు గర్వంగా అనిపించింది. "మరి ఆ ఫోటో తీసిందెవరే?" అన్నాను. తల వంచుకుంది. "నేనే. అందరూ తియ్యి తియ్యి అన్నారు."

అమ్మలందరితో చెప్పాలనుకున్నది ఇదే. పిల్ల ఏడుస్తూ వస్తే "నిన్నెవరేమన్నారు?" అని అడుగుతాం. "ఆ పిల్లని అన్నప్పుడు నువ్వేం చేశావు?" అని కూడా అడగాలి. మన పిల్ల ఎప్పుడూ బాధితురాలే అనుకోవడం మన బలహీనత.

ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్లలోపు పిల్లలకి సోషల్ మీడియా ఖాతాలు ఆపేశారు. మనకీ అలాంటిది వస్తే బాగుణ్ణు అని చాలామంది అంటున్నారు. రావచ్చు, మంచిదే. కానీ అక్కడ కూడా వాట్సాప్ ఆ నిషేధంలో లేదు. మా ఇంటి గొడవని ఆ చట్టం ఆపేది కాదు. అసలు వాట్సాప్‌లోనైనా ఇన్‌స్టాగ్రామ్‌లోనైనా సొంతంగా ఖాతా తెరవాలంటే 13 ఏళ్లు నిండాలి. మాదానికి 12. సిమ్ నా పేరు మీద తీసి చేతిలో పెట్టింది నేనేగా!

ఇప్పుడు మా ఇంట్లో కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. రాత్రి 9 దాటితే అందరి ఫోన్లూ హాల్లోనే, మా ఆయనదీ నాదీ కూడా. కోపంలో జవాబివ్వకూడదు, స్క్రీన్‌షాట్ తీసి నాకు చూపించాలి. స్నేహితులు ఏదైనా పాడుపని చెయ్యమని బలవంతపెడితే "మా అమ్మ ఫోన్ చెక్ చేస్తుంది" అని నెపం నా మీద వెయ్యమన్నాను. నేను రాక్షసినైతే నష్టం లేదు, పిల్లకి తప్పుకునే దారి దొరుకుతుంది. నిజం చెబితే ఫోన్ లాక్కోనని మాటిచ్చాను. బెదిరింపులు, మార్ఫింగ్ ఫోటోల దాకా వెళ్తే మాత్రం అది పిల్లల గొడవ కాదు. 1098కి ఫోన్ చేయాలి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వాలి.

మాది ఆ పిల్ల దగ్గరికి వెళ్లి, ఎదురుగా నిలబడి క్షమించమని అడిగింది. ఆ పిల్ల ఇంకా మాట్లాడటం లేదు. అది ఆ పిల్ల ఇష్టం, తొందరపెట్టకు అన్నాను.

అంతా చక్కబెట్టాననుకుంటుండగా అడిగింది, "మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో పై ఫ్లోర్ ఆంటీ డాన్సు వీడియో పెట్టి నువ్వూ నవ్వావు కదమ్మా?"

ఆ రాత్రే గ్రూపులో "ఆ వీడియో తీసేద్దామండీ" అని రాశాను. ఇద్దరికి నచ్చలేదు. నన్నూ తీసేస్తారేమోనని పొద్దున్న లేవగానే ఫోన్ చూసుకున్నాను. అప్పుడర్థమైంది, ఆ ఆదివారం మా అమ్మాయికి ఇడ్లీ ఎందుకు దిగలేదో.