ఎముక ఎండుకట్టె కాదు!

సైన్సు గదిలో అస్థిపంజరం బొమ్మ చూసి ఎముకంటే ఎండుకట్టె అనుకుంటాం గదా. కానే కాదు. ఎముకకు ప్రాణముంది, అది మనం తాగే నీళ్ళ మీద ఆధారపడి ఉంది.

ఎముకను పల్చగా అరగదీసి మైక్రోస్కోపు కింద చూస్తే, నరికిన చెట్టు మొద్దులో లాగా వలయాలు కనిపిస్తాయి. నడుమ సన్నటి కాలువ, అందులో రక్తనాళాలు. వీటి గురించి 1691లో రాసిన ఇంగ్లండు వైద్యుడు హేవర్స్ పేరు మీద హేవర్షియన్ కాలువలంటారు. వలయాల మధ్య చిన్న గుంటల్లో ఎముక కణాలు కాపురముంటాయి. కొన్ని కణాలు పాత ఎముకను తవ్వేస్తుంటే, కొన్ని కొత్తది కడుతుంటాయి.

నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువైతే అది ఎముకలోని ఖనిజంలో చేరిపోతుంది. వలయాల వరుస చెదురుతుంది. ఎముక బరువెక్కుతుంది గాని పెళుసవుతుంది. కీళ్ళు బిగుసుకుంటాయి, నడుము వంగిపోతుంది. వంగిన నడుము మళ్ళీ నిటారు కాదు. ఎదిగే పిల్లల ఎముకలే ఫ్లోరైడును ఎక్కువగా పట్టుకుంటాయి.

ఇది ఎక్కడో దూరదేశపు రోగం కాదు. మదరాసు రాజధానిలోని ఫ్లోరోసిస్ గురించి షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు 1937లో రాసింది మన నెల్లూరు జిల్లా పల్లెలను చూసే! ఫ్లోరైడుకు పేరుపడ్డ కనిగిరి, పొదిలి, దర్శి 1970 దాకా మన జిల్లాలోవే. అయినా నడుము వంగినవాళ్ళని చూసి "వాడి కర్మ" అంటారు. పళ్ళ మీద గోధుమరంగు చారలున్న పిల్లల్ని "పాచిపళ్ళోడా" అని మనమే వెక్కిరిస్తాం. అది పాచి కాకపోవచ్చు, ఊరి బోరు నీళ్ళు పెట్టిన గుర్తు కావచ్చు. వెక్కిరింత మానుదాం.

తోటపల్లి గూడూరు సముద్రం పక్కనుంది. నీళ్ళు ఉప్పగా ఉంటే నాలుకే చెప్తుంది. ఫ్లోరైడుకు రుచి, రంగు, వాసన ఏవీ లేవు. కాచి తాగితే చాలదా అంటారు కొందరు. కాస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. నీళ్ళు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది కూడా. పరీక్ష ఒక్కటే దారి.

వార్డెన్ సారుకు మనవి. ఏడాదికోసారి మన హాస్టలు నీళ్ళు పరీక్షకు పంపించండి సార్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. వచ్చిన అంకెను ఈ గోడ మీదే అంటించండి. మిత్రులారా, సెలవులకు పోయినప్పుడు మీ ఊరి బోరు నీళ్ళు సీసాడు తెండి. అవీ పంపిద్దాం.

- 9వ తరగతి విద్యార్థి