లాగే బరువు వేరు, ఆపే బరువు వేరు



పత్తితీతలు మొదలయ్యాయంటే వీరులపాడు చుట్టుపక్కల ట్రాక్టరుకు రాత్రీ పగలూ తీరిక ఉండదు. పత్తి నందిగామకు, ధాన్యం మిల్లుకు, ఇసుక ఇల్లు కట్టుకొనేవారి వాకిటికి చేరాలి. “ఇంకో పది బస్తాలు వెయ్యి బాబాయ్, ట్రాక్టరు లాగుతుందిలే” అనే మాట ప్రతి కళ్లంలోనూ వినబడుతుంది. ఈ నెల ఆ ఒక్క మాట గురించి ఆలోచిద్దాం.

ట్రాక్టరు లాగుతుంది, నిజమే. కాని లాగినంత బరువును అది ఆపలేదు. మన ఊళ్లలో తిరిగే చాలా ట్రక్కులకు సొంత బ్రేకులు ఉండవు. ట్రాక్టరు బ్రేకులే తననూ ఆపుకోవాలి, వెనక ఉన్న ట్రక్కునూ ఆపాలి. బరువు రెట్టింపైతే అదే బ్రేకుతో బండి ఆగే దూరం కూడా దాదాపు రెట్టింపవుతుంది. వేగం రెట్టింపైతే ఆ దూరం నాలుగింతలవుతుంది. దిగుడులో బ్రేకు వేసినప్పుడు వెనక బరువు ఆగక ట్రాక్టరును ముందుకు తోస్తుంది, పక్కకు తిప్పేస్తుంది.

మరి ఎంత వేయవచ్చు? అది ట్రక్కు రిజిస్ట్రేషను కాగితంలోనే ఉంటుంది. అందులో ఖాళీ బరువు ఒకటి, సరుకుతో కలిపి ఉండదగిన మొత్తం బరువు మరొకటి రాసి ఉంటాయి. రెండోదానిలోనుంచి మొదటిది తీసివేస్తే మిగిలేదే మనం వేయదగిన సరుకు. ఉదాహరణకు ఖాళీ బరువు 1,500 కిలోలు, మొత్తం బరువు 5,000 కిలోలు అనుకుందాం. సరుకు 3,500 కిలోలు. 75 కిలోల ధాన్యం బస్తాలైతే 46. నలభై ఏడోది వేస్తే హద్దు దాటినట్టే. ఇసుకైతే ఘనపు మీటరు సుమారు 1,600 కిలోలు తూగుతుంది కాబట్టి రెండు ఘనపు మీటర్లే. తడి ఇసుక ఇంకా బరువు. అనుమానం వస్తే కాటా మీదికి ఎక్కించి చూడండి.

బరువు ఎంత అన్నదే కాదు, ఎక్కడ ఉన్నది అన్నదీ ముఖ్యమే. ఎడ్లబండి తోలిన పెద్దలకు ఇది తెలుసు. బరువు ఇరుసుకు వెనకపడితే కాడి పైకి లేచి ఎడ్ల మెడను పట్టేది. ముందుకు మరీ ఎక్కువైతే ఎడ్లు కుంగిపోయేవి. రెండు చక్రాల ట్రక్కు కూడా అంతే. వెనక బరువైతే కొక్కెం దగ్గర పైకి లేపుతుంది, ట్రక్కు ఊగుతుంది. ముందు మరీ బరువైతే ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు మాట వినదు. ఇరుసుకు కొంచెం ముందుకు మొగ్గు ఉండేలా సర్దాలి. పత్తి తేలికే అయినా ఎత్తు పెరిగితే మలుపులో ట్రక్కు ఒరుగుతుంది.

రోడ్డెక్కేముందు రెండు బ్రేకు పెడళ్లను కలిపి లాకు వేయాలి. దిగుడులో న్యూట్రల్ చేయకూడదు, చిన్న గేరులోనే దిగాలి.

ఒక మాట మనస్సాక్షితో చెప్పుకోవాలి. సభలకు, పెళ్లిళ్లకు ట్రక్కులో జనాన్ని ఎక్కించేవారు మన సంఘాలలోనూ ఉన్నారు. ట్రక్కు సరుకులకే. 2020 జూన్ 17న జగ్గయ్యపేట మండలం వేదాద్రి దగ్గర, గుడికి వెళ్లి తిరిగివస్తున్న కుటుంబాల ట్రాక్టరును లారీ ఢీకొని పదిమందికి పైగా చనిపోయారు. అక్కడ తప్పు ఎవరిదన్నది నా మాట కాదు. ట్రక్కులో కూర్చున్నవారిని కాపాడేది ఏదీ లేదన్నదే నా మాట. అలాంటి ప్రయాణంలో ప్రమాదం జరిగితే బీమా విషయంలోనూ చిక్కులు వస్తాయి.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం అధిక బరువుకు 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకు మరో 2,000 రూపాయలు జరిమానా విధించింది. అయితే జరిమానా భయం కంటే పెద్ద కారణం మనకుంది. కొత్త ఇల్లు కట్టుకొన్నవాడు మిద్దెమీదనుండి ఎవరూ పడకుండ పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము బోధిస్తుంది. తన ఇంట ఇతరుల ప్రాణానికి తానే బాధ్యుడు. ట్రక్కు మీది హద్దు కూడా అలాంటి పిట్టగోడే. ఎదురుగా సైకిలు మీద వచ్చే బడిపిల్లవాడి కోసం అది ఉన్నది.

ఈ ఆదివారం ఆరాధన అయి ఇంటికి వెళ్లాక కాగితం తీసి లెక్క కట్టండి. ధాన్యం ఇన్ని బస్తాలు, సిమెంటు ఇన్ని బస్తాలు అని ట్రక్కు తలుపుమీద రంగుతో రాయించండి. “ఇంకో పది” అని అడిగిన బాబాయికి మీరు జవాబు చెప్పనక్కరలేదు. ఆ అంకె చూపించండి.