కీమో నీరసం, చాటుమందుల ముప్పు

చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కో, వేలూరు సీఎంసీకో, తిరుపతి స్విమ్స్‌కో వెళ్లివచ్చే రోగులకు రేణిగుంట జంక్షన్ చిరపరిచితం. ఆసుపత్రి ఫైలు పెట్టుకున్న సంచి అడుగునే కొందరి దగ్గర లేబుల్ లేని ప్లాస్టిక్ సీసా ఒకటి ఉంటోంది. అందులో గోధుమరంగు పొడి. పరగడుపున తేనెలో చెంచాడు. కీమో నీరసానికి మంచిదని తెలిసినవారు ఇచ్చినది. ఇంకొందరు చైనా జిన్సెంగ్, ఆస్ట్రగాలస్ వేరు గుళికలను ఆన్‌లైన్లో తెప్పించుకుంటున్నారు. ఈ మందుల సంగతి క్యాన్సర్ వైద్యునికి మాత్రం చెప్పరు. ప్రమాదానికి మూలం ఈ దాపరికమే.

కీమో నీరసం పని చేసి అలసిన నీరసం కాదు; నిద్రపోయినా తీరదు. మంచం దిగి పెరట్లోకి వెళ్లిరావడమే గగనమైనప్పుడు దొరికిన ఆసరా పట్టుకున్నవారిని మూఢులని నిందించడం అన్యాయం. ఈ ప్రాంతంలో నాటువైద్యంపై నమ్మకమూ ఊరికే పుట్టలేదు. పుత్తూరు కట్టుతో కోలుకున్నవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అయితే విరిగిన ఎముకకు పైన వేసే కట్టు వేరు, రక్తంలో కీమో మందు ఉండగా కడుపులోకి పోయే పొడి వేరు.

కీమో మందుల్లో అనేకం కాలేయంలోనే విచ్ఛిన్నమవుతాయి. మూలికలు ఆ ప్రక్రియను వేగవంతం చేస్తే మందు చాలకుండా పోతుంది. మందగింపజేస్తే ఒంట్లో పేరుకుని విషమవుతుంది. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక వల్ల ఇరినోటెకాన్ అనే కీమో మందు క్రియాశీల రూపం రక్తంలో 42 శాతం తగ్గినట్లు 2002లో తేలింది. మన తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలను కోవిడ్ కాలంలో ముంబై వైద్యులు నమోదు చేశారు. అంతకన్నా ఘోరం 1990ల ఆరంభంలో బెల్జియంలో జరిగింది. బరువు తగ్గడానికి చైనా మూలికలు కలిసిన గుళికలు మింగిన మహిళలకు మూత్రపిండాలు పాడయ్యాయి. అనంతరం వారిలో పలువురికి మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది. అందుకు కారణమైనది అరిస్టలోకియా మొక్క. మన చేలగట్ల మీది గాడిదగడపాకు, పాముకాటుకు అరగదీసే ఈశ్వరి వేరు ఆ ప్రజాతికి చెందినవే.

మూలికలన్నీ వ్యర్థమని చెప్పడం మా ఉద్దేశం కాదు. అమెరికన్ జిన్సెంగ్‌పై 364 మంది క్యాన్సర్ రోగులతో జరిపిన పరీక్ష ఫలితాలు 2013లో వెలువడ్డాయి. రోజుకు 2000 మిల్లీగ్రాముల చొప్పున ఎనిమిది వారాలు తీసుకున్నవారికి నీరసం కొంత తగ్గింది. ఆ మందు ఏమిటో, ఎంతో, అందులో ఏ కల్తీ లేదనీ వైద్యులకు తెలుసు. సంచిలోని సీసాకు ఆ హామీ ఎవరిస్తారు? అమెరికాలోని బోస్టన్ పరిసరాల్లో అమ్ముతున్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే పద్నాలుగింటిలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ బయటపడినట్లు 2004లో వెల్లడైంది. మూలికల పేరుతో అమ్మే పొడుల్లో స్టెరాయిడ్లు దొరికిన సందర్భాలూ ఉన్నాయి. రెండు రోజుల్లో ఒంట్లోకి వచ్చిన ఉత్సాహం స్టెరాయిడ్‌దైతే, అసలే కుంగిన రోగనిరోధక శక్తి మరింత కుంగుతుంది.

నీరసం ఒక్కోసారి హెచ్చరిక కూడా. రక్తహీనత, థైరాయిడ్ లోపం, ఇన్‌ఫెక్షన్, మనోవ్యాకులత దాని వెనుక దాగి ఉండవచ్చు. వీటికి చికిత్స ఉంది. శక్తిమేరకు రోజూ నడవడం వల్ల నీరసం తగ్గుతుందనడానికి బలమైన ఆధారాలున్నాయి. పొడి మీద భరోసాతో వారాలు గడిపేస్తే ఆ అవకాశం చేజారుతుంది.

ఆయుర్వేద కళాశాల, స్విమ్స్, 2022లో సేవలు మొదలుపెట్టిన టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి ఒక్క తిరుపతిలోనే ఉన్నాయి. ఇన్ని ఉన్నా రెండు వైద్యాలనూ మోసుకు తిరిగేది రోగి ఒక్కడే. క్యాన్సర్ నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. గోడల మీద, ఫోన్లలో అవి కనిపిస్తున్నాయంటే అమలు చేయాల్సిన యంత్రాంగం కదలడం లేదని అర్థం. ఔషధ నియంత్రణ విభాగాలు లేబుల్ లేని పొడుల నమూనాలు సేకరించి పరీక్షించాలి. ఆయుష్ వైద్యులు, క్యాన్సర్ నిపుణులు కలిసి కీమో కాలంలో మానవలసిన మూలికల జాబితాను తెలుగు పేర్లతో రూపొందించి ఆశా కార్యకర్తల చేతికివ్వాలి. ప్రతి కీమో విడతకు ముందు రక్తపరీక్ష చూసే వైద్యుడే ఇంకేం మందులు వాడుతున్నారని మందలించకుండా అడిగి, జవాబును కేసు షీటులో రాసుకునే ఏర్పాటు ఆసుపత్రుల యాజమాన్యాలు తక్షణం చేయాలి.