పూత మీద మందు కొట్టకండి

సంక్రాంతికి ముందు నాటిన పుచ్చ పాదులు ఇప్పుడు పూతకొస్తున్నాయి. కర్బూజ చేలు కూడా వెనకే ఉన్నాయి. రాబోయే మూడు వారాలు, అదీ పొద్దున ఆరు నుంచి పది గంటల మధ్య, చేలో ఏం జరుగుతుందో దాన్ని బట్టే వేసవిలో లారీ నిండుతుందో లేదో తేలిపోతుంది. ఆ వేళలో తైవాన్ స్ప్రేయరు భుజానికెత్తుకుని చేలోకి దిగబోతున్న ప్రతి రైతుకూ, గట్టు మీద నిలబడి డ్రోను పైకి లేపబోతున్న ప్రతి ఒక్కరికీ ఒకే మాట: ఆగండి. పురుగు చస్తుందో లేదో గానీ, కాయ కట్టించే తేనెటీగ మాత్రం తప్పకుండా చస్తుంది.

తేనెటీగ మీద జాలితో రాస్తున్న మాట కాదిది. గింజలకూ, మల్చింగ్ కాగితానికీ, డ్రిప్పు పైపులకూ అప్పు తెచ్చి పెట్టిన రైతు సొమ్ము సంగతి.

పుచ్చ తీగ మీద పోతుపూలు వేరు, ఆడపూలు వేరు. ముందుగా పోతుపూలే విరగబూస్తాయి. వారం పది రోజులకు గానీ ఆడపువ్వు కనిపించదు. పువ్వు కింద గోలీకాయంత పిందె ఉంటే అది ఆడది. ఆ పిందెను చూసి కాయ పడిందని లెక్కలు కట్టుకునేవాళ్లున్నారు. పుప్పొడి అందితేనే అది కాయ. అందకపోతే రెండు మూడు రోజుల్లో పసుపు తిరిగి, వడిలి, రాలిపోతుంది. పువ్వు తెల్లవారుతూ విచ్చుకుంటుంది, మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. మర్నాడు మళ్లీ విచ్చుకోదు. పిందె బతుకంతా ఆ ఒక్క పూటలో తేలాలి.

మొక్కజొన్న పుప్పొడి గాలికి ఎగురుతుంది. పుచ్చ పుప్పొడి అలా కాదు. బరువుగా, జిగురుగా ఉంటుంది, గాలికి కదలదు. ఎవరో ఒకరు మోసుకురావాల్సిందే. ఆ కూలి చేసేది తేనెటీగ. మన చేలల్లో చెట్టుకొమ్మకు అరచేయంత పట్టు పెట్టే చిన్న తేనెటీగ, పుట్టల్లోనూ తొర్రల్లోనూ ఉండే తేనెటీగ, మర్రికొమ్మలకూ నీళ్ల ట్యాంకులకూ పెద్ద పట్టు వేలాడదీసే కొండ తేనెటీగ, కుట్టడం చేతకాని బుల్లి ఈగలు, అన్నీ ఈ పనిలో ఉన్నవే.

పైగా ఒక ఈగ ఒకసారి వాలి వెళ్తే సరిపోదు. ఆడపువ్వు నడిమి కొసకు మూడు భాగాలుంటాయి. మూడింటి మీదా సమంగా, మొత్తం మీద వెయ్యి దాకా పుప్పొడి రేణువులు పడితే గానీ కాయ గుండ్రంగా, నిండుగా పెరగదు. అందుకు ఆ ఒక్క పూటలో ఒక్కో ఆడపువ్వు మీద కనీసం ఎనిమిది సార్లు తేనెటీగ వాలాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. రెండు మూడు సార్లే వాలితే పిందె నిలవవచ్చు, కానీ ఒక పక్క ఉబ్బి ఒక పక్క చిక్కి వంకర కాయ అవుతుంది. అలాంటివాటిని వ్యాపారి కాలితో పక్కకు నెట్టి, మిగతావాటికే తూకం వేస్తాడు. ఎరువు చాలలేదనీ, నీళ్లు తేడా పడ్డాయనీ రైతు తనను తాను తిట్టుకుంటాడు. ఆ వంకర కాయల్లో చాలావాటికి తప్పు పూత రోజునే జరిగిపోయి ఉంటుంది.

కర్బూజ విషయంలో ఇంకో అపోహ ఉంది. దాని తీగ మీద పోతుపూలతోపాటు ఆడా మగా రెండు భాగాలూ ఒకే పువ్వులో ఉండే పూలు పూస్తాయి. కాయలు కట్టేది వాటికే. అన్నీ ఒకే పువ్వులో ఉన్నాయి కదా, ఈగతో పనేముంది అనుకుంటారు. పుప్పొడి అక్కడే ఉన్నా, తనంత తాను కదిలి పక్కనున్న కీలాగ్రం మీద పడదు. అక్కడా ఈగ కాళ్లే కావాలి. పండులో ఒక్కో గింజ వెనుక ఒక్కో పుప్పొడి రేణువు ఉంటుంది. గింజలు తక్కువ పడితే పండు చిన్నదవుతుంది. కర్బూజ కోసినప్పుడు చెంచాతో తీసి పారేసే ఆ గింజల ముద్దే పండు బరువుకు మూలం.

ఇప్పుడు గింజలేని పుచ్చ కూడా మన పొలాల్లోకి వస్తోంది. జపాన్‌లో కిహారా అనే జన్యుశాస్త్రవేత్త బృందం దశాబ్దాల క్రితం రూపొందించిన పద్ధతి అది. ఆ తీగ పుప్పొడికి జీవం ఉండదు. పక్కన మామూలు గింజల పుచ్చ సాళ్లు వేయాలి, వాటి పుప్పొడిని తేనెటీగ ఇటు మోయాలి. ఒక్కో పువ్వుకు ఎనిమిది కాదు, పదహారు నుంచి ఇరవై నాలుగు సార్లు దాకా వాలాలి. ఖరీదైన విత్తనం కొని, పక్క సాళ్లు లేకుండా, తేనెటీగలు లేని చేలో నాటితే వచ్చేది ఆకులే.

కాయ మధ్యలో బోలు పడి, నెర్రెలిచ్చి ఉంటే పట్నంలో కొనేవాళ్లు ఏమంటున్నారో తెలుసు కదా. ఇంజెక్షన్ ఇచ్చారట, రంగు ఎక్కించారట అని ఫోన్లలో వీడియోలు తిరుగుతాయి. ఆ పుకారుకు రేటు పడిపోయి నష్టపోయేది రైతే. బోలు పడడానికి కారణాల్లో ముఖ్యమైనది పుప్పొడి చాలకపోవడం. పుప్పొడి తక్కువ అందిన కాయ లోపలి కండ సమంగా పెరగక చీలిపోతుంది. సూది కథ నమ్మేవాళ్లకు ఈ సంగతి చెబితే నవ్వుతారు, అది వేరే విషయం.

మందు కొట్టే వేళకూ ఈగ పనిచేసే వేళకూ పేచీ ఇక్కడే వస్తోంది. పొద్దున చల్లగా ఉంటుంది, గాలి ఉండదు, మందు పక్కకు కొట్టుకుపోదు, కూలీలకూ ఎండ తగలదు. డ్రోను నడిపేవాళ్లకూ అదే అనువైన సమయం. తేనెటీగకూ అదే సమయం. ఇద్దరూ ఒకే గంటలో ఒకే పువ్వు మీదకు వస్తున్నారు. డ్రోను అరగంటలో తిరిగే మేర చేతిపంపుతో ఒక పూట పట్టేది. అంటే ఇప్పుడు ఒక్క పొద్దున్నే ఊరంతటి ఈగలకూ విషం తగిలే ఏర్పాటు జరిగిపోయింది.

అక్కడి నుంచి ఒక విషవలయం మొదలవుతుంది. పిందె నిలవడం లేదని రైతు మందుల కొట్టుకు పోతాడు. అక్కడ ఒక టానిక్, దానితో కలిపి కొట్టమని ఒక పురుగు మందు, పనిలో పనిగా ఒక తెగులు మందు ఇస్తారు. మూడూ ఒకే ట్యాంకులో కలిపి పొద్దున్నే పిచికారీ చేస్తారు. ఉన్న కాసిన్ని ఈగలూ పోతాయి. మిగిలిన పిందెలూ రాలతాయి. మళ్లీ కొట్టుకు ప్రయాణం. ఆ కలిపి కొట్టడంలో ఇంకో ప్రమాదం ఉంది. కొన్ని తెగులు మందులు విడిగా తేనెటీగను పెద్దగా బాధించకపోయినా, పురుగు మందుతో కలిస్తే ఆ విషాన్ని అరాయించుకునే శక్తిని దాని ఒంట్లో దెబ్బతీస్తాయి. విడివిడిగా తట్టుకునే మోతాదులే కలిసి దాన్ని చంపుతాయి.

డబ్బా మీది త్రికోణం రంగును నమ్మి మోసపోవద్దు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అనేవి మందు మనిషికి ఎంత విషమో చెప్పే గుర్తులు. తేనెటీగకు ఎంత విషమో ఆ రంగు చెప్పదు. నీలం త్రికోణం ఉంది కదా, ఏం కాదులే అని పూత మీద కొట్టేవాళ్లు ఎందరో. ఇమిడాక్లోప్రిడ్ ఒక గ్రామును వంద కోట్ల భాగాలు చేస్తే, అందులో కొద్ది భాగాలు కడుపులోకి పోయినా ఒక తేనెటీగకు చావే. పైగా ఈ జాతి మందులు మొక్క ఒంట్లోకి ఎక్కి పుప్పొడిలోకీ మకరందంలోకీ చేరతాయి. పూతకు ముందు డ్రిప్పులో వదిలిన మందు కూడా తర్వాత పువ్వులోంచి ఈగకు అందుతుంది. యూరోపియన్ యూనియన్ ఇమిడాక్లోప్రిడ్, థయామెథోక్సామ్, క్లోథియానిడిన్‌ల మీద 2013లో ఆంక్షలు పెట్టి, 2018లో బయటి పొలాల్లో వాటి వాడకాన్ని పూర్తిగా మాన్పించింది. మన దగ్గర ఇమిడాక్లోప్రిడ్, థయామెథోక్సామ్ ఏ మందుల కొట్లో అడిగినా దొరుకుతాయి. మాన్పించే దాకా ఆగే తీరిక ఈ పూతకు లేదు కాబట్టి, కనీసం పూత వేళ వాటిని ముట్టకండి.

పురుగును వదిలేయమని ఎవరూ చెప్పడం లేదు. ఎర్ర పెంకు పురుగు, తామర పురుగు ఎంత చేటో పాదు పెట్టిన ప్రతివాడికీ తెలుసు. కానీ వాటితో అసలు పోరు మొక్క లేతగా ఉన్న మొదటి వారాల్లోనే. అప్పుడు క్రాప్ కవరు కప్పుకున్నవాళ్లకు సగం బాధ తప్పుతోంది. కానీ ఆ కవరు ఆడపూలు కనిపించిన రోజే తీసేయాలి. ఇంకో వారం ఉంచితే పురుగు రాదులే అని ఆశపడితే తేనెటీగ కూడా లోపలికి రాదు. పండు ఈగకైతే లింగాకర్షక బుట్టలున్నాయి, కుట్టిన కాయలను ఏరి పాతిపెట్టడం ఉంది. ఇన్ని చేసినా పూతలో మందు తప్పనిసరైతే, సాయంత్రం ఐదు దాటాక, ఆ రోజు పూలు ముడుచుకున్నాక కొట్టండి. తేనెటీగకు తక్కువ హాని చేసే మందేదో కొట్టువాడిని కాకుండా వ్యవసాయాధికారిని అడిగి తెచ్చుకోండి.

మీరొక్కరే జాగ్రత్తపడితే పని కాదు. తేనెటీగ రెండు మూడు కిలోమీటర్లు పోయి మేస్తుంది. మీ చేలో కాయ కట్టించాల్సిన ఈగ పొద్దున్నే పక్క చేలో మందు తాగి చస్తుంది. కాబట్టి పూత ఉన్నన్నాళ్లూ పొద్దున పూట పిచికారీ లేదని ఊరంతా ఒక మాట మీదకు రావాలి. ఆంధ్రలో రైతు సేవా కేంద్రాలున్నాయి, తెలంగాణలో రైతు వేదికలున్నాయి. ఈ ఒక్క వాక్యం అక్కడి బోర్డు మీద సుద్దముక్కతో రాయడానికి ఏ జీవోతోనూ పని లేదు. డ్రోన్లు అద్దెకిచ్చేవాళ్లకూ ఇదే షరతు పెట్టాలి.

ఈగలు ఇప్పటికే పలచబడ్డ చోట తేనెపెట్టెలు తెప్పించుకోవాలి. ఎకరానికి ఒకటి రెండు పెట్టెలు, అవీ ఆడపూలు విచ్చడం మొదలయ్యాకే దింపాలి. ముందే తెస్తే ఈగలు వేరే పూలకు అలవాటుపడి మీ చేను వంక చూడవు. నీడ, దగ్గరలో నీళ్లు ఉండాలి. గట్ల మీది తుమ్మి, గడ్డిచేమంతి మొక్కలను కలుపు మందుతో మాడ్చేయడం మానండి. చేలో పూత లేని రోజుల్లో ఈగ బతికేది వాటి మీదే. ట్యాంకు మీద పట్టు కనబడగానే కాగడా తెచ్చి కాల్చే అలవాటుంది చూశారా, అది ఊరి కాపును కాల్చడమే.

ప్రభుత్వాన్ని కూడా ఒకటి అడగాలి. 2020లో కేంద్రం తేనెటీగల పెంపకానికి 500 కోట్లతో జాతీయ మిషన్ ప్రకటించింది. జనంలోకి వెళ్లిన మాట మాత్రం ఎక్కువగా తేనె గురించే. పుచ్చ రైతుకు కావాల్సింది పూత వేళకు చేను గట్టున దిగే పెట్టె, దానికి అద్దెలో కాస్త సాయం. అలాగే ప్రతి పురుగు మందు డబ్బా మీదా తేనెటీగకు ప్రమాదమో కాదో చెప్పే గుర్తు, తెలుగులో పెద్ద అక్షరాలతో, త్రికోణం పక్కనే ఉండాలి. అడుగున చీమల బారులాంటి అక్షరాల్లో రాసిన హెచ్చరిక హెచ్చరిక కాదు.

చైనాలో సిచువాన్ రాష్ట్రంలోని హన్యువాన్ ప్రాంతంలో పియర్ తోటల రైతులు చెట్లెక్కి, కర్రలకు కట్టిన ఈకలతో పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దుతారు. అక్కడ ఈగలు పలచబడడానికి కారణాల్లో పురుగు మందు ఒకటి. పెరట్లో నాలుగు పాదులకైతే మనమూ పోతుపువ్వు తుంచి ఆడపువ్వుకు రాసి కాయ కట్టించుకోవచ్చు. ఎకరాకు వేల పాదులున్న చేలో, కోతకే మనుషులు దొరకని రోజుల్లో, తెల్లవారుజామున ఆ పనికి ఎవరొస్తారు?

రేపు పొద్దున ఏడింటికి చేలోకి వెళ్లండి. స్ప్రేయరు ఇంటి దగ్గరే ఉంచండి. విచ్చుకున్న ఆడపువ్వు దగ్గర పావుగంట కూర్చుని ఎన్ని ఈగలు వాలాయో లెక్కపెట్టండి. ఒక్కటీ వాలకపోతే మందుల కొట్టుకు పోవద్దు. ఆ పూటే తేనెపెట్టెలవాళ్లకు ఫోన్ చేయండి.