పొట్టకు కసరత్తు చేస్తే పొట్టే కరుగుతుందా?

నిరుడు జూలైలో ఒకరోజు ప్రార్థన వరుసలో తొమ్మిదో తరగతి అమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది. నీళ్లు చల్లి నీడన కూర్చోబెట్టి అడిగితే సంగతి మెల్లగా బయటికొచ్చింది. తరగతిలో ఎవరో ఆమెకు ‘బోండా’ అని పేరు పెట్టారట. అప్పటినుంచి, అంటే మూడు వారాలుగా, మధ్యాహ్నం భోజనం మానేసింది. రోజూ పరగడుపున వంద సిటప్పులు తీస్తోంది. ‘‘అట్లా చేస్తే పొట్ట ఒక్కటే కరుగుతుందని ఫోన్లో చూపించినారు సార్’’ అంది.

ఆ అమ్మాయిని చూసి నవ్వకండి. సైన్సు చెప్పుకుంటూ బతికే నేను కూడా నలభయ్యో ఏట నడుంపట్టీ కొన్నవాణ్ణే. బాగా చెమట పట్టింది, తూకంలో అరకిలో తగ్గింది. నీళ్లు తాగితే ఆ అరకిలో మళ్లీ వచ్చేసింది!

పిల్లలూ, కాస్త ఆలోచించండి. ఏ కండ పనిచేస్తే దాని మీదున్న కొవ్వే కరిగేటట్లయితే, ఎప్పుడూ ఒకే చేత్తో ఆడేవాళ్లకు ఆ చేతిమీద కొవ్వు పలచబడాలి గదా? టెన్నిస్ వీరుడు రాఫెల్ నాదల్ పేరు మీకు తెలుసు. 2010లో మన అనంతపురంలోనే ఆయన పేరున పిల్లలకు టెన్నిస్ బడి మొదలైంది. ఆయన ఎడమచేత్తో ఆడేవాడు. ఆ చెయ్యి కుడిచేతికన్నా లావుగా ఉండటం ఫొటోల్లోనే కనిపిస్తుంది. ఇలాంటి టెన్నిస్ ఆటగాళ్ల రెండు చేతులనూ కాలిఫోర్నియాలో కొలిచి చూసి, 1971లో ఆ ఫలితాలు ప్రకటించారు. రాకెట్ పట్టే చెయ్యి లావుగానే ఉంది, కానీ అది కండ. చర్మం కింది కొవ్వు మందం మాత్రం రెండు చేతుల్లోనూ ఒకటే!

ఎందుకిలా? మన తాతల కాలంలో ఊళ్లలో జొన్నలు పాతరల్లో దాచేవాళ్లు. కరువొస్తే పెద్దలు చెప్పిన పాతర తీసేవాళ్లు, ఊరంతా తినేది. పాతర పక్కింటివాడికి ఆకలేసిందని ఆ పాతరే తవ్వరు. శరీరంలో కొవ్వు కణాలు ఆ పాతరల్లాంటివి. మనం పరుగెత్తినప్పుడు అడ్రినలిన్ వంటి హార్మోన్లు నెత్తురులో కలిసి ఒళ్లంతా తిరుగుతాయి. వాటి మాట విని ఎక్కడెక్కడి కొవ్వు కణాలో కొవ్వు ఆమ్లాలను వదులుతాయి. అవి నెత్తురు వెంట పనిచేసే కండకు చేరతాయి. ఏ పాతర ముందు, ఏది వెనుక అన్నది పుట్టుకను బట్టి, వయసును బట్టి ఉంటుంది. మగవాళ్లకు పొట్ట దగ్గర, ఆడవాళ్లకు తుంటి, తొడల దగ్గర కొవ్వు ఎక్కువగా చేరుతుంది. తుంటి, తొడల దగ్గరి కొవ్వు మొండిది, ఓ పట్టాన కదలదు. మీ వయసు ఆడపిల్లలకు అక్కడ కొవ్వు చేరడం ఎదుగుదలే గాని జబ్బు కాదు.

కరిగిన కొవ్వు ఎటు పోతుందో తెలుసా? చెమటలో కాదు, ఊపిరిలో! 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడుగా బయటికి పోతుంది, మిగిలిన 1.6 కిలోలు నీరవుతుంది.

సిటప్పుల సంగతీ తేల్చారు. 1984లో ప్రచురించిన ఒక ప్రయోగంలో 13 మంది మగవాళ్లు 27 రోజుల్లో తలకు 5,004 సిటప్పులు తీశారు. పొట్ట, వీపు, పిరుదుల నుంచి కొవ్వు కణాలు తీసి కొలిస్తే మూడుచోట్లా దాదాపు ఒకేలా తగ్గాయి. పొట్టకు ప్రత్యేక లాభం లేదు. పనిచేసే కండ పక్కన కాస్త ఎక్కువ కొవ్వు కదిలిందని చెప్పిన చిన్న ప్రయోగాలు కూడా ఆ తర్వాత వచ్చాయి. కాదనను. కానీ ఆ కాస్త తేడాను నమ్ముకుని భోజనం మానడం పిచ్చితనం. ఎదిగే వయసులో అన్నం మానితే కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంది.

సిటప్పులు దండగని నేననను. వాటితో పొట్ట కండలు గట్టిపడతాయి, అదీ మంచిదే. కొవ్వు మాత్రం ఒళ్లంతా కదిలే పనికి, పూటపూటా సరైన తిండికి లొంగుతుంది. కబడ్డీ, ఖోఖో, తాడాట, బడికి సైకిలు తొక్కడం చాలు. పగలంతా చెనక్కాయ చేలో వంగి కలుపు తీసే మీ అమ్మకు ఈ పట్టీలు అమ్మజూపిన వాడెవడైనా ఉన్నాడా?

నాకు ఎక్కువ కోపం ఆ పట్టీల మీద కాదు. ‘బోండా’ అని పేరు పెట్టిన నోటి మీద, విని ఊరుకున్న మా మీద. ఇంకో మాట ఒప్పుకోవాలి. మా బడిలో శుక్రవారం ఆఖరి పీరియడు ఆటలది. పోర్షన్ పూర్తి కాలేదని దాన్ని లాక్కునే అయ్యవార్లలో నేనే మొదటివాణ్ణి. ఆ అమ్మాయి పడిపోయిన వారం నుంచి అడగడం మానేశాను. లెక్కల సారు ఇంకా అడుగుతూనే ఉన్నారు.