మధ్యాహ్నం కబుర్లు: మెట్ల కింద పకోడీ

వంటిల్లు సర్దేసి, రేపటి దోసెలకి పప్పు నానబోసి, ఫ్యాను కింద నడుం వాల్చారా? అయితే కాసేపు కబుర్లు చెప్పుకుందాం. ఈ వారం కబుర్లన్నీ నాలుగు కాళ్ళ వాళ్ళ మీదే. మంచాలూ కుర్చీలూ అనుకునేరు! కుక్కలూ, పిల్లులూనండీ.

ఏ ఇంట్లో చూసినా ఇదే వరస. కుక్కపిల్లని చంకన పెట్టుకొచ్చేది పిల్లలు. దానికి ఇంగ్లీషు పేరు వెతికి పెట్టేది వాళ్ళ నాన్నగారు. పెరుగన్నం కలిపేదీ, పాడు చేసిన గుమ్మం కడిగేదీ మాత్రం మనం. నెల తిరిగేసరికి ఆ కుక్క మన కొంగు పట్టుకు తిరుగుతుంటే, "చూశావా, దానికి నువ్వంటేనే ఇష్టం" అని మనకో బిరుదు కూడా ఇచ్చేస్తారు.

మా మేడ మీద సాయంత్రం నాలుగింటికి జరిగే సభలో ఈ సంగతులు రాని రోజు ఉండదు. సభ్యులు ఐదుగురం. తణుకు పిన్నిగారు, కడప వదిన, వరంగల్ నర్సక్క, ఈమధ్యే కాపరానికొచ్చిన కొత్త కోడలు పిల్ల, నేను. నర్సక్క సర్కారు దవాఖానాలో పనిచేసి రిటైరయింది. ఆవిడ మాట్లాడుతుంటే మేమంతా నోళ్ళు మూసుకుంటాం, పిన్నిగారు తప్ప.

కడప వదినకి ఓ పిల్లి ఉంది. పేరు రాణి. పేరుకి తగ్గట్టే సోఫా దిగదు. ఎలక కళ్ళముందు నుంచి పోతున్నా, "దాని పని అది చూసుకుంటాది, నా పని నేను చూసుకుంటా" అన్నట్టు పడుకుంటుంది. మొన్న దానికి విరేచనాలు పట్టుకుంటే వదిన బెంగపెట్టుకుంది.

"ఏం పెడుతున్నవ్ దానికి?" అంది నర్సక్క.

"ఏముంది, పొద్దున గ్లాసెడు పాలు, రాత్రి గ్లాసెడు పాలు."

"గదే రోగం. పెద్దగైన పిల్లులకు పాలు సరిగ్గ అరగయ్ వదినా. మంచినీళ్ళు పెట్టు, ఇంత చేపముక్క పెట్టు, సాలు."

"పిల్లికి పాలు పడవా! ఇంక చేపకి నీళ్ళు పడవని కూడా చెప్పక్కా, వింటాం" అంది వదిన. కానీ మర్నాటినుంచి పాలు మానేసింది. రాణికి కడుపు కుదుటపడింది. వదినకి రోజుకి రెండు గ్లాసుల పాలు మిగిలాయి. ఆ పాలు తోడుపెట్టి మాకందరికీ ఓ రోజు మజ్జిగపులుసు కూడా పెట్టింది.

పిన్నిగారి దగ్గరున్నవన్నీ పాత కథలు. వాళ్ళ పెదనాన్నగారింట్లో ఓ రామచిలక ఉండేదట. దానికి కుక్కర్ విజిల్ వేయడం వచ్చేసింది. వాళ్ళ దొడ్డమ్మ పెరట్లో బట్టలారేస్తూ మూడు విజిల్స్ లెక్కపెట్టుకుని, పరుగున వచ్చి స్టవ్ కట్టేసేదట. మూత తీస్తే బియ్యం బియ్యంలాగే, నీళ్ళు నీళ్ళలాగే! "వారం రోజులు కొత్త కుక్కర్‌ని తిట్టుకున్నాం. ఎనిమిదో రోజు చిలక దొరికిపోయింది" అంటుంది పిన్నిగారు.

కొత్త కోడలు పిల్ల పగలబడి నవ్వి, "అయితే నేనూ మా ఆయన్ని ఓ చిలకని తెమ్మంటాను పిన్నీ" అంది.

"తెచ్చుకో. ఎంబడి పోలీసులు గూడ వస్తరు" అంది నర్సక్క. నిజమేనండీ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన రామచిలకని కొనడం, అమ్మడం, పంజరంలో పెట్టడం అన్నీ నేరమే. అదృష్టం కలిసొస్తుందని కొందరు ఇంట్లో పెట్టుకునే నక్షత్ర తాబేలుకీ అదే చట్టం. దుకాణాల్లో లవ్ బర్డ్స్ అని అమ్మే రంగురంగుల బుల్లి పిట్టల పుట్టిల్లు ఆస్ట్రేలియా. వాటికి ఈ నిషేధం లేదు. పక్షి మీద మరీ మనసైతే పిట్టగోడ మీద ఓ మూకుడులో నీళ్ళు పెట్టండి. ఎండాకాలంలో అవే వస్తాయి. అద్దె అడగవు, విజిల్ వేయవు.

ఇక అసలు కథానాయకుడి దగ్గరికి వద్దాం. మా మెట్ల కింద ఓ వీధికుక్క ఈనింది. నాలుగు కూనల్లో ఒకటి మిగిలింది. గోధుమరంగు, ఒక చెవి పైకి, ఒక చెవి కిందకి. సాయంత్రం పిన్నిగారు పకోడీల మూకుడు పెడితే చాలు, వాసనకి రెండో అంతస్తు దాకా ఎక్కొచ్చేది. అందుకే దాని పేరు పకోడీ అయింది.

"ఉల్లిగడ్డ పకోడీలు కుక్కకు పెట్టకుండ్రి పిన్నీ, దానికి విషం" అని నర్సక్క చెప్పేదాకా మాకెవరికీ తెలీదు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాలని దెబ్బతీస్తాయట. చాక్లెట్టు పనికిరాదు. ద్రాక్షపళ్ళు, కిస్‌మిస్ తింటే మూత్రపిండాలకే ముప్పు. అంటే మనం ముద్దుచేసి పెట్టే సాంబారన్నం, కిస్‌మిస్ వేసిన పాయసం దానికి మర్యాద కాదన్నమాట. పిన్నిగారు కాస్త చిన్నబుచ్చుకుని, ఆ రోజునుంచి పకోడీకి ఉట్టి అన్నంలో ఉడికించిన గుడ్డు కలిపి పెట్టడం మొదలుపెట్టింది. పేరు మాత్రం మారలేదు.

మే నెలలో పిన్నిగారి మనవడు బెంగుళూరు నుంచి సెలవులకొచ్చాడు. ఎనిమిదేళ్ళవాడు. పొద్దున లేస్తే పకోడీతోనే ఆటలు. ఆ రోజు మేమంతా పిన్నిగారింట్లో ఆవకాయ పనిలో ఉన్నాం. నేను ముక్కలు తుడుస్తున్నాను, వదిన ఆవపిండి జల్లిస్తోంది. వీడు కాళ్ళకి మేజోళ్ళు వేసుకుని ఓ మూల కూచున్నాడు.

"ఏరా నాన్నా, ఇంత ఎండలో మేజోళ్ళేమిటి?" అంది పిన్నిగారు.

"ఊరికే."

"చలేస్తోందా?" అని నుదురు ముట్టుకుంది. వాడు కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. నర్సక్క లేచి మాట్లాడకుండా కుడికాలి మేజోడు లాగేసింది. మడమ పైన రెండు పంటి గాట్లు, ఎండిపోయిన నెత్తురు. వాడు బావురుమన్నాడు. పకోడీ నోట్లోంచి బంతి లాక్కోబోతే ముందురోజు సాయంత్రం కరిచిందట. చెబితే నానమ్మ పకోడీని తరిమేస్తుందనీ, తనకి బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు పొడుస్తారనీ దాచిపెట్టాడు.

పిన్నిగారు పరుగున వెళ్ళి గుప్పెడు కారం, పసుపు తెచ్చింది. "మా ఊళ్ళో ఇదే పెట్టేవాళ్ళం. సున్నం కూడా ఉంటే..."

"గవన్నీ పక్కకు పెట్టుండ్రి పిన్నీ. పుండు మీద కారం పెడితే ఇంక మండుతది, రోగం లోపటికి పోతది. ముందుగాల నల్లా తిప్పుండ్రి. సబ్బు ఏది?"

బట్టల సబ్బు దొరికింది. ధారగా నీళ్ళు వదిలి, నురగ వచ్చేలా కడగడం మొదలుపెట్టింది. గడియారం చూసి 15 నిమిషాలు! మా మేడలో మే నెలలో నీళ్ళంటే బంగారమే. బిందెడు ఎక్కువ వాడితే దెబ్బలాడే కడప వదినే పక్కన నిలబడి, "ట్యాంకు ఖాళీ అయినా సరే, కడుగక్కా" అంది.

పిన్నిగారి మనసు మాత్రం ఒప్పుకోవడం లేదు. "మన పకోడీయే కదమ్మా. పాలు మానని కూన. దానికి పిచ్చేమిటి? గాటు కూడా చిన్నదే. నిన్న కరిచింది, ఇవాళ్టికి మానిపోతోంది కూడాను."

"కూనైతే ఏంది పిన్నీ? దాని తల్లి ఊరంత తిరుగుతది. ఎవ్వరు టీకా ఏసిన్రు దానికి? కుక్కపిల్లకు గూడ రేబిస్ ఉండొచ్చు. పైకి చూస్తే తెల్వది. ఒక్కసారి మనిషికి రోగం బయటపడ్డదంటె ఇంక మందు లేదు. నా సర్వీసుల చూసిన. మల్ల చెప్పమనకుండ్రి."

ఆ మాటకి ఎవరం నోరెత్తలేదు. పిన్నిగారు కారం గిన్నె కింద పెట్టేసి, చీర మార్చుకోకుండానే ఆటో కోసం వీధిలోకి పరుగెత్తింది.

సర్కారు దవాఖానాలో డాక్టరుగారు గాయం చూసి, కట్టు కట్టొద్దన్నారు. నెత్తురొచ్చింది కాబట్టి గాయం చుట్టూ సీరం వేశారు. అప్పుడు వాడు గట్టిగానే ఏడ్చాడు. తర్వాత రెండు చేతులకీ చర్మంలోకి చిన్న సూదితో టీకా. వాడు బొడ్డు పట్టుకునే కూచున్నాడు. "అయిపోయింది, దిగు" అంటే, "ఇంతేనా? మరి బొడ్డు?" అన్నాడట. బొడ్డు చుట్టూ వేసే ఆ పాతకాలం టీకా తయారీ మన దేశంలో 2004లోనే ఆపేశారు. ఆ భయం మాత్రం ఇంకా తాతల నోట మనవలకి చేరుతూనే ఉంది. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో వెళ్ళాలి. కండలోకి వేసే పద్ధతయితే 14వ రోజు కూడా ఉంటుంది.

ఇక పకోడీ గతి? కరిచిన కుక్కని పది రోజులు గమనించాలి. అన్నాళ్ళూ ఆరోగ్యంగా ఉంటే కరిచిననాడు దాని చొంగలో రోగం లేనట్టే. అలాగని ఆ పది రోజులూ టీకా ఆపి కూచోకూడదు. మా మేడ అసోసియేషన్ ప్రెసిడెంటుగారు మాత్రం, "గోనెసంచిలో వేసి ఊరవతల వదిలేయిస్తాను" అన్నారు.

"వదిలేస్తే పది రోజులు ఎవరు చూస్తారండీ దాన్ని?" అంది కొత్త కోడలు పిల్ల. అప్పటిదాకా పెద్దాయన ముందు గొంతెత్తని పిల్ల! "దాన్ని పంపేస్తే ఇంకో కుక్క వస్తుంది. దానికీ టీకా ఉండదు. ఉన్నవాటికే వేయించుకుంటే మంచిది కదా?"

ఆ పిల్ల చెప్పింది సబబే. 2023లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం వీధికుక్కలని పట్టుకెళ్ళి పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసి, రేబిస్ టీకా వేసి, మళ్ళీ ఉన్నచోటే వదలాలి. మేం మున్సిపాలిటీకి నాలుగుసార్లు ఫోన్ చేస్తే బండి వచ్చింది. తల్లికుక్క చెవి కొసన చిన్న గాటుతో తిరిగొచ్చింది. ఆపరేషను అయినట్టు అదే గుర్తు.

ఆ పది రోజులూ పకోడీ కింద పార్కింగులో గొలుసుతో ఉంది. పొద్దున్నే మేం వరసగా వెళ్ళి చూడటం. "తిందా? నీళ్ళు తాగిందా? చొంగ కారుస్తోందా?" కొత్తల్లుడికి కూడా అన్ని పరామర్శలు జరగవు. పదకొండో రోజు పకోడీ తోకాడిస్తూ వదిన చెప్పు ఎత్తుకుపోతే, జన్మలో మొదటిసారి వదిన చెప్పు పోయినందుకు సంతోషించింది.

మూడు నెలలు నిండాక పకోడీకి టీకా వేయించి కొత్త కోడలు పిల్ల తన ఫ్లాటులోకి తెచ్చుకుంది. ప్రెసిడెంటుగారు గొణిగారు కానీ, ఇంట్లో కుక్కని పెంచుకోవద్దని అసోసియేషన్లు శాసించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే రాసింది. అలాగని కుక్క చేసింది వదిలేసి రావడం కూడా హక్కు కాదు. ఆ పిల్ల కాగితం, సంచీ పట్టుకునే దాన్ని తిప్పుతుంది.

మనవడు బెంగుళూరు వెళ్ళిపోయాక 28వ రోజు సూది అక్కడే పడాల్సొచ్చింది. ఆ చీటీ పిన్నిగారే వాడి సంచీలో పెట్టింది. అయినా 26వ రోజునుంచే పొద్దునా సాయంత్రం ఫోన్లు. "వేయించారా? ఇంకా లేదా? ఎల్లుండి మర్చిపోతారేమో!" వేయించామని కోడలు చెప్పాకే ఆవకాయ జాడీ పార్సిల్ చేసింది.

ఈ వారం మీరు గుర్తుపెట్టుకోవాల్సినవి నాలుగు ముక్కలు. కుక్కయినా, పిల్లయినా, కోతయినా, కరిచినా, నెత్తురొచ్చేలా గీరినా, సబ్బూ ధారగా నీళ్ళతో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసుపు, కాఫీపొడి ఏవీ పెట్టొద్దు. అదే రోజు దవాఖానాకి వెళ్ళండి, ఆలస్యమైందని మానొద్దు. మొదలుపెట్టిన సూదులు మధ్యలో ఆపొద్దు. ఇంట్లో పెంచేవాటికి ఏటా టీకా వేయించండి. జులై 6న పశువుల ఆస్పత్రుల్లో ఉచితంగా వేస్తుంటారు, కనుక్కోండి. 1885లో అదే రోజున ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ బాబుకి మొట్టమొదటి రేబిస్ టీకా ఇప్పించాడు. ఆ బాబు బతికాడు.

అన్నిటికన్నా ముఖ్యం ఇంకొకటుంది. ఇవాళ పిల్లలు బడి నుంచి రాగానే టిఫిను పెట్టి, పక్కన కూచోబెట్టుకుని చెప్పండి. "కుక్క కరిస్తే వెంటనే నాకు చెప్పు. నిన్ను తిట్టను, కుక్కని తరమను, బొడ్డు చుట్టూ సూదులుండవు" అని. మాటిచ్చాక నిలబెట్టుకోండి మరి! కరవగానే పిల్ల పరుగెత్తుకుని మన దగ్గరికొస్తేనే కదా ఆ సబ్బూ నీళ్ళూ పనికొచ్చేది.

వచ్చే వారం వదిన పిండివడియాలూ, వాటిని కాపలా కాయడానికి పెట్టిన మామగారూ, కాకులూ. అంతదాకా సెలవా మరి!